ఫోన్ చెప్పే సాక్ష్యం ఎంతవరకు?

ఒక మనిషి తాను ఫలానావాడినని నిరూపించుకోవడానికి ఒకప్పుడు మొహల్లా పెద్దల మాట, మస్జిద్ ఇమాము గారి ఎరుక సరిపోయేవి. నేడు ఆ బాధ్యత క్రమంగా చేతిలోని ఫోన్ మీద పడుతోంది. పాస్‌వర్డ్ మరచిపోయి గూగుల్ ఖాతాను తిరిగి పొందగోరేవారిని, ఎప్పుడూ వాడే ఫోన్ నుంచి, ఎప్పుడూ ఉండే చోటు నుంచి ప్రయత్నించమని ఆ సంస్థే సూచిస్తుంది. అంటే మన రాకపోకలే మన గుర్తింపులో భాగమవుతున్నాయన్నమాట. ఈ సాక్ష్యాన్ని ఎంతవరకు స్వీకరించాలో ప్రతి కుటుంబమూ ఆలోచించాలని మేము కోరుతున్నాము.

ఈ పద్ధతికి బలం లేకపోలేదు. 15 లక్షల మంది ఫోన్ల 15 నెలల కదలికలను పరిశీలించిన ఒక పరిశోధన 2013లో ప్రచురితమైంది. ఒక వ్యక్తి ఏ వేళకు ఏ చోట ఉన్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, నూటికి 95 మందిని ఇతరుల నుంచి వేరుచేసి గుర్తించవచ్చని అందులో తేలింది. హిందూపురంలో ఇల్లు, పెనుకొండ సమీపంలోని కార్ల కర్మాగారంలో పని, జుమా నమాజుకు ఒక మస్జిద్, సెలవునాడు ధర్మవరంలో అత్తవారిల్లు. ఈ నాలుగూ కలిసిన దారి దాదాపు ఒక్కరిదే అవుతుంది.

అయితే ఫోన్ సాక్ష్యమిచ్చేది తన గురించే గాని, మనిషి గురించి కాదు. 2020లో కరోనా వేళ మన రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, గృహ నిర్బంధంలో ఉన్న దాదాపు 25 వేల మందిని సెల్ టవర్ల ఆధారంగా గమనించింది. ఇంటి నుంచి 100 మీటర్లు దాటితే అధికారులకు హెచ్చరిక వెళ్లే ఏర్పాటు అది. ఆపదలో అది అక్కరకు వచ్చేదే. కానీ ఫోన్‌ను ఇంట్లో ఉంచి బజారుకు వెళ్లినవాడు ఆ లెక్కలో ఇంట్లోనే ఉన్నట్లు!

మగ్గం నేసే ఇంట తల్లీ కొడుకులు ఒకే ఫోన్ వాడితే ఆ దారి ఎవరిదనాలి? ధర్మవరం నుంచి హిందూపురానికి కోడలిగా వెళ్లి, కొత్త ఫోన్ కొనుక్కున్న ఆడపిల్లకు పాత చోటూ లేదు, పాత ఫోనూ లేదు. ఆమె ఖాతాయే ఆమెను పరాయిదానిగా చూడవచ్చు. నిజం చెప్పేవారిని అబద్ధీకులుగా నిలబెట్టడం అన్యాయం. కనుక ఫోన్ నడిచిన దారిని తోడు సాక్ష్యంగా తీసుకోవచ్చు గాని, ఏకైక సాక్ష్యంగా కాదు.

మరొక మాట. ఈ వివరాలు అమానతు. కోట్లాది మంది డౌన్‌లోడ్ చేసుకున్న ‘ముస్లిం ప్రో’ యాప్ నుంచి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే వ్యాపార సంస్థకు చేరుతున్నాయని, అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఆ సంస్థకు ఖాతాదారులని 2020 నవంబరులో పత్రికలు వెల్లడించాయి. యాప్ యాజమాన్యం ఆ సంబంధాన్ని తెంచుకున్నట్లు తరువాత ప్రకటించింది. పరుల ఇంట అడుగుపెట్టే ముందు అనుమతి కోరమని సూరా నూర్ మనకు నేర్పుతుంది. మన రాకపోకల్లోకి తొంగిచూసేవారికీ ఆ మర్యాద వర్తించాలి. బెయిలు పొందిన వ్యక్తి కదలికలను పోలీసులు నిరంతరం గమనించేలా షరతు విధించడం గోప్యతా హక్కుకు భంగమని 2024 జులై 8న సుప్రీంకోర్టు కూడా తీర్పునిచ్చింది.

కనుక పాఠకులకు మా మనవి ఇది. నమాజు వేళల యాప్‌లో లొకేషన్ అనుమతికి బదులు వీలైన చోట మీ ఊరి పేరును మీరే ఎంచుకోండి. మిగతా యాప్‌లకు వాడుతున్నప్పుడు మాత్రమే అనుమతి ఇవ్వండి. ఫోన్ గాని, ఊరు గాని మారకముందే ఖాతాలో మరో ఫోన్ నంబరు, ఈమెయిలు నమోదు చేసి, బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి భద్రపరచండి. పెళ్లై వెళ్లే కూతురికి నగలతో పాటు ఈ జాగ్రత్త కూడా చెప్పి పంపండి.