అద్దం వెనక ఏం పెడదాం?

కొట్టు తెరవడం ఒక ఎత్తు, దాని ముందు మనిషిని ఆపడం ఇంకో ఎత్తు. చిన్న చీరల దుకాణమో, మ్యాచింగ్ సెంటరో, బొటిక్కో నడిపే ఆడవాళ్ళని అడగండి, ఎవరైనా ఇదే చెబుతారు. పొదుపు సంఘంలో అప్పు తీసుకునో, ఒంటిమీది గాజులు కుదువబెట్టో షట్టరు అద్దెకి తీసుకుంటారు. ముందు అద్దం బిగించి, లైట్లు పెడతారు. తీరా ఆ అద్దం వెనక ఏం పెట్టాలో తోచదు. ఉన్న సరుకంతా ఒక్కసారే కనిపించాలన్న ఆత్రంతో చీర మీద చీర, డ్రెస్సు పక్కన డ్రెస్సు వేలాడదీస్తారు. అన్నీ ఉంటాయి, కానీ ఏదీ కనిపించదు. అటు వెళ్ళేవాళ్ళు అటే వెళ్ళిపోతారు. మధ్యాహ్నం దాకా బోణీ ఉండదు.

పెద్ద షాపింగ్ మాల్స్‌కి ఈ బెంగ లేదు. షోకేసు సర్దడానికి జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. ఆ పనికి ‘విజువల్ మర్చండైజింగ్’ అని పేరు కూడా ఉంది. మరి చిన్న దుకాణం గతేమిటి? చాలామంది ఫోనులో నాలుగు ఫొటోలు చూసి, ఉన్నదున్నట్టు దింపేస్తున్నారు. డిసెంబరు వస్తే చాలు, బెజవాడలో కూడా అద్దం వెనక దూదితో మంచు కురుస్తుంది! చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ ఆ మంచుకీ, బయట నడిచి వెళ్ళే పంతులమ్మకీ సంబంధం ఏమిటి?

నిజానికి ఈ విద్యలో పేరు పొందినవాళ్ళు వేరే ఊరివైపు కాక తమ వీధివైపే చూశారు. న్యూయార్క్‌లోని టిఫనీ నగల దుకాణానికి 1955 నుంచి దాదాపు నలభై ఏళ్ళు షోకేసులు అలంకరించిన జీన్ మూర్ సంగతే తీసుకోండి. ఖరీదైన వజ్రాల పక్కన ఆయన ఇంట్లో దొరికే మామూలు వస్తువులు పెట్టేవాడు. 1965లో ఆ నగరంలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు షోకేసులోని చిన్న ఫౌంటెన్‌లో నీళ్ళకి బదులు జిన్ పోశాడట. ఆ వారం ఊరంతా ఏం మాట్లాడుకుంటోందో అదే అద్దంలో కనిపించింది. జనం ఆగకుండా ఎలా ఉంటారు?

మనం నేర్చుకోవాల్సింది ఆ జిన్ను కాదు, ఆ చూపు. ఆలోచనలు వెతకడమంటే ముందు మన దుకాణం ఎదురుగా, రోడ్డుకి అవతల ఓ గంటసేపు నిలబడటం. పొద్దున్న ఎవరు వెళుతున్నారు? కాలేజీ పిల్లలా, కూరల సంచీతో ఇల్లాళ్ళా, ఆఫీసు బస్సు కోసం పరుగెత్తేవాళ్ళా? సాయంత్రం ఎవరు? వాళ్ళ నడకలో మన అద్దం కనిపించేది రెండు మూడు క్షణాలే. ఆ రెండు మూడు క్షణాల్లో వాళ్ళకి ఒక్క మాటే చెప్పగలం. పది చెప్పబోతే ఒక్కటీ వినపడదు.

ఆ ఒక్క మాట ఏమిటన్నది క్యాలెండరే చెబుతుంది. జూన్‌లో బళ్ళు తెరిచే రోజులు. ఓ స్కూలు బ్యాగు, చిన్న గొడుగు పెట్టి, పక్కనే ఉతికితే తొందరగా ఆరే అమ్మ చీర ఒకటి వెయ్యండి. పిల్లని బడికి పంపి తను ఉద్యోగానికి పరుగెత్తే ఏ తల్లయినా అది తన గురించేనని గుర్తుపడుతుంది. శ్రావణమాసంలో పసుపు రాసిన కలశం, పక్కన ఒకే ఒక్క పట్టుచీర. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు రంగుల్ని చూసి అవే రంగుల చీరలు. సంక్రాంతికి గాజు అద్దం మీదే ముగ్గు. అరువు తెచ్చుకున్న మంచు కంటే ఇవి ఎంత చవక, ఎంత దగ్గర! వస్తువుల కోసం బజారుకి వెళ్ళక్కర్లేదు. అటక మీది ఇత్తడి బిందె, పాత కుట్టుమిషను, వెదురు బుట్ట, ఏటికొప్పాక లక్కబొమ్మ... ఏదో ఒకటి చాలు.

ఇక కొన్ని చిన్న మెలకువలు. చూపు పడాల్సిన వస్తువు రోడ్డు మీద నిలబడ్డ మనిషి కంటికి ఎదురుగా ఉండాలి, పైకప్పుకి దగ్గరగా కాదు. పగటిపూట బయట వెలుతురు ఎక్కువైతే అద్దంలో లోపలి సరుకు కనిపించదు, ఎదురుగా ఉన్న కిళ్ళీకొట్టు కనిపిస్తుంది. అద్దం పైన చిన్న చూరు దించి, లోపల లైటు పెంచితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది. నేరుగా ఎండ పడే చోట పట్టునీ, సహజ రంగుల బట్టల్నీ ఎక్కువ రోజులు ఉంచకండి, వెలిసిపోతాయి. రెండు వారాలకోసారైనా మార్చండి. రోజూ అదే దారిన వెళ్ళేవాళ్ళు అలవాటైపోయినదాన్ని చూడటం మానేస్తారు.

ధర చీటీ మాత్రం మరిచిపోవద్దు. లోపలికి వెళితే కొనక తప్పదేమో, ధర అడిగి బయటికొస్తే చిన్నచూపు చూస్తారేమో అని గుమ్మం దగ్గరే వెనక్కి తిరిగే ఆడవాళ్ళు ఎంతమందో! పర్సులో ఉన్న డబ్బుకి ఆ చీర వస్తుందని బయటే తెలిస్తే ధైర్యంగా మెట్టెక్కుతారు.

మరో మాట. ఎక్కడ చూసినా మన షోకేసుల్లో బొమ్మలన్నీ పాలరాతి తెలుపు, పిడికెడు నడుము. కొనేవాళ్ళేమో చామనఛాయవాళ్ళు, నల్లనివాళ్ళు, బొద్దుగా ఉండేవాళ్ళు, ఇద్దరు పిల్లల తల్లులు. ఆ బొమ్మకి నప్పిన రంగు తనకి నప్పుతుందో లేదో ఆమెకెలా తెలుస్తుంది? ఇది తనలాంటివాళ్ళ కోసం కాదనుకుని తల తిప్పుకుంటే నష్టం ఎవరికి? మన రంగులో, మన ఒడ్డూ పొడుగులో ఉన్న బొమ్మలు అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే బొమ్మే లేకుండా, చీరని ఓ కర్రకి అందంగా మడతలు పెట్టి వేలాడదీసినా చాలు. సరుకు మార్చేటప్పుడు బట్టల్లేని బొమ్మని గంటల తరబడి వీధికి చూపించకుండా, అద్దానికి ఓ తెర కట్టండి.

ఇదంతా మనకి కొత్త విద్యా? ఏళ్ళ తరబడి బొమ్మల కొలువు పెట్టిన చేతులివి. ఏ మెట్టు మీద ఏ బొమ్మ ఉండాలో, దేనికి ముందు ఖాళీ వదలాలో, దీపం ఎటు పెడితే కళ వస్తుందో మన అమ్మమ్మలకి ఎవరూ కోర్సు చెప్పలేదు. ఇంట్లో చేస్తే దాన్ని ముచ్చట అన్నారు, బజార్లో చేస్తే ఉద్యోగం అంటున్నారు. తేడా అల్లా ఒకదానికి జీతం ఉంది, రెండోదానికి లేదు.

కాబట్టి మీ వీధిలో చక్కగా సర్దగల అమ్మాయి ఉంటే, ‘కాస్త వచ్చి సర్దిపెట్టవే’ అని ఉత్తినే పిలవకండి. నెలకి రెండుసార్లు షోకేసు మార్చినందుకు ఇంత అని చేతిలో పెట్టండి. పది దుకాణాలు అలా పిలిస్తే ఆమెకి అదో జీవనోపాధి. మీకు సొంత దుకాణం ఉంటే ఈ ఆదివారం అద్దంలో ఉన్నవన్నీ తీసేయండి. శుభ్రంగా తుడిచి, ఒకే ఒక్కటి పెట్టి, రోడ్డు దాటి అవతల నిలబడి చూడండి. అటు వెళుతున్నవాళ్ళలో ఒక్కరైనా అడుగు నెమ్మదించారా? మీ అద్దం మాట్లాడటం మొదలుపెట్టిందన్నమాటే!