కొలువు చేయుట – చేయించుకొనుట

మంచి పనివారు దొరకుట లేదను మాట నలుగురు ఇల్లాండ్రు కూడినచోట తఱచుగా వినబడును. మంచి అధికారులు దొరకుట లేదను మాట కార్యాలయములనుండి యిల్లు చేరినవారి నోట వినబడును. ఈ రెండును ఒక్క మాటయే యని మాకు తోచుచున్నది. చేయించుకొనువారి గుణము కొఱవడినచో చేయువారి గుణము వాడిపోవును. ఈ విషయమున మహాభారతమును మించిన గురువును మే మెఱుగము.

అరణ్యపర్వమున ద్రౌపది సత్యభామతో తన గృహనిర్వాహమును గూర్చి చెప్పినది. ఇంద్రప్రస్థమున అసంఖ్యాకముగా నున్న దాసీజనము పేరులు, వారి తిండి, బట్ట, వారు చేసిన పని, చేయక విడిచిన పని, అన్నియు ఆమె యెఱుగును. అందఱికంటె ముందు లేచి, అందఱికంటె వెనుక నిద్రించెడిది. అధికారికి కావలసిన మొదటి గుణ మిదియే. చేసినదానిని చూచినవారికే చేయనిదానిని అడుగు హక్కు కలుగును. మన యింట అంట్లు తోము మనిషికి బిడ్డ లెందఱో యెఱుగక, గిన్నెకు మసి మిగిలినదని మాత్ర మెఱుగుట తగునా?

రెండవది జీతము. సభాపర్వమున నారదుడు ధర్మరాజును, సైన్యమునకు బత్తెమును జీతమును వేళకు ఇచ్చుచున్నావా యని యడిగెను. జాగైనచో భృత్యులు ప్రభువుపై కినియుదురని హెచ్చరించెను. మన దేశమున 1936వ సంవత్సరపు వేతనముల చెల్లింపు చట్టము, వేయిమందికి తక్కువ పనిచేయు కర్మాగారములలో జీతము తరువాతి నెల 7వ తేదీలోపల ముట్టవలెనని విధించినది. ఇంటి పనివారికి ఆ చట్టము వర్తింపలేదు. రేపు రమ్మని మనము త్రిప్పి పంపిననాడు ఆమె యింట పొయ్యి రాజకపోవచ్చును.

ఇక పనిచేయువారి మాట. విరాటుని కొలువునకు పోవు పాండవులకు ధౌమ్యుడు సేవాధర్మము బోధించెను. ఏలిక రహస్యము వెలిపుచ్చరాదు. ఒప్పగించిన పనిలో పరధనము ముట్టరాదు. వేఱొకరికి పని చెప్పుచుండగనే తా నేమి చేయవలయునని ముందునకు రావలయును. ఈ ఘట్టమును తెనిగించిన తిక్కన నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రి. ఉద్యోగములకు పోనున్న మన బిడ్డలకు వీనిని ఇంటనే నేర్పవచ్చును. అంగడినుండి మిగిలిన చిల్లరను లెక్కతో నొప్పగించుట, అక్క పనికి చెల్లెలు పిలువకయే చేయి కలుపుట చిన్న పాఠములు కావు.

ఆ కొలువుననే, వేలమందిచే పని చేయించిన ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణకు ఊడిగము చేసినది. ఆమె పనిలో లోపము లేదు. అయినను, ఆమె వలదని వేడుకొన్నను, సోదరుడగు కీచకుని దుర్బుద్ధి యెఱిగియు, సుదేష్ణ ఆమెను మద్యము తెమ్మని వాని యింటికి పంపినది. పనిచేయుదాని మానమును కాపాడలేని యజమానురాలికి ఎన్ని సుగుణములున్న నేమి? పనిచోట స్త్రీలపై లైంగిక వేధింపులను నిషేధించుచు 2013లో వచ్చిన చట్టము ఇంటి పనివారిని గూడ చేర్చుకొన్నది.

సోదరీమణులారా! మన యింట పనిచేయునది ఒక గదిలోనికి, ఒక యింటికి పోనని వెనుదీసినచో సోమరితనమని కసరకుడు. కారణ మడుగుడు, చెప్పిన మాట నమ్ముడు.