బిడ్డల యెముక వ్యాధి - సంఘముల విధి

ఎద్దునకు జబ్బు చేసిన వెంటనే పశువైద్యునికై పరుగిడు రైతు, బిడ్డ మోకాలు నొచ్చుచున్నదనిన నది యెదుగుదల నొప్పియని యూరకుండుట తఱచుగా చూచుచున్నాము. పెక్కుసారులు అది యట్టిదే కావచ్చును. కాని వారములు గడచినను తగ్గక, రాత్రివేళ నిద్ర చెఱచి, ఒకే చోట వాపు కలిగించు నొప్పిని ఉపేక్షింపరాదు. అది యెముకలో పుట్టిన క్యాన్సరు, అనగా మన పెద్దలు రాచపుండనెడి వ్యాధి, కావచ్చును. బిడ్డలకు వచ్చు నెముక క్యాన్సరులలో ఆస్టియోసార్కోమా, ఈవింగ్ సార్కోమా యనునవి ముఖ్యములు. మొదటిది విశేషముగా మోకాలి సమీపముననే పుట్టును. ఇవి అరుదైన వ్యాధులే. అరుదగుటచేతనే గుర్తించుటలో ఆలస్యమగుచున్నది. కారణము తెలియని వాపును మర్దనము చేయించుట, కట్టు కట్టించుట హానికరము.

మా సభ్యులలో నొకరి యెనిమిదేండ్ల కుమార్తెకు ఆస్టియోసార్కోమా కలిగినది. కొన్ని వారములు కీమోథెరపీ మందు లెక్కించిన పిదప, వచ్చు మాసమున కాలికి శస్త్రచికిత్స జరుగవలసియున్నది. వాపు తగ్గినది, నొప్పి పోయినది, ఇక కోత యేలయని బంధువులు కొందఱు తండ్రికి బోధించుచున్నారు. ఈ బోధ ప్రాణాపాయకరమని మా దృఢాభిప్రాయము. తుంగను పైకి కోసిన చేను శుభ్రమైనట్లే కనబడును; గడ్డ నేలలో నున్నంతకాలము అది మరల మొలచును. ఈ వ్యాధియు నట్టిదే.

పూర్వచరిత్రయు దీనినే తెలుపుచున్నది. 1970 దశకమునకు ముందు కాలు తీసివేయుటయే ప్రధాన చికిత్స. అట్లు చేసినను నూటికి ఇరువదిమందియైనను బ్రదుకుట యరుదు. ఏలయన కంటికి కానరాని వ్యాధికణములు అప్పటికే ఊపిరితిత్తులకు చేరియుండెడివి. మందులు శస్త్రచికిత్సకు తోడైన తరువాత స్థితి మాఱినది. వ్యాధి యితరభాగములకు ప్రాకకముందే పూర్తి చికిత్స పొందినవారిలో, వసతులు బాగుగా నున్న తావుల, నూటికి 60 నుండి 70 మంది జీవించుచున్నారు. కావున మందు మాత్రమే చాలదు. కోత మాత్రమే చాలదు. శస్త్రచికిత్స పిదప మిగిలిన మందులును గడువు తప్పక పూర్తి చేయవలెను.

కాలు పోవునను భయము సహజమే. అయినను నేడు పెక్కుమందికి కాలు నిలిపియే వ్యాధిగల యెముకభాగమును తీసి, లోహపు టెముక నమర్చుచున్నారు. ఎదుగు బిడ్డలకై క్రమముగా పొడిగింపదగినవియు కలవు. కాలు తీయక తప్పనిచో 1968లో రామచంద్రశర్మ, డాక్టరు సేథీ గార్లు రూపొందించిన జయపూర్ పాదము కలదు. దానితో పొలమున నడవవచ్చును, నేలపై కూర్చుండవచ్చును. కాలు కంటె బిడ్డ ముఖ్యము గదా!

హైదరాబాదున ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్టణమున హోమీభాభా ఆసుపత్రి క్యాన్సరు చికిత్సకే యేర్పడినవి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి ప్రభుత్వ పథకములు చికిత్సావ్యయమున కొంత భారము తీర్చును. కాని ప్రయాణపు ఖర్చు, పట్టణమున అద్దె, కోతకు రాని పంట - వీనిని భరించు పథకమేది? ఈ చిల్లర ఖర్చులకు తాళలేకయే చికిత్స నడుమ మానివేయు కుటుంబములు కలవు. ఇచ్చటనే సంఘము పూనుకొనవలెను.

మేము మూడు పనులు సూచించుచున్నాము. అట్టి సభ్యుని ఋణపు వాయిదాను పొడిగింపవలెను. వారి చేను పనిని తక్కిన సభ్యులు వంతులవారీగా నడపవలెను. ధాన్యము తూచునపుడు బస్తా కొక రూపాయి చొప్పున వైద్యసహాయ నిధికి తీసియుంచవలెను. మందులు ఎక్కించుకొను బిడ్డకు జ్వరము తగిలిన తెల్లవారువఱకు ఆగక ఆసుపత్రికి చేర్పవలెను; అందుకై ఊర నొక బండి సిద్ధముగా నుండుటయు అవసరము.

ఎరువులు, విత్తనములు పంచుకొనుటకే సహకారమనుకొనుట చాలదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చించి తీర్మానింపవలెనని సభ్యసోదరుల నెల్లర ప్రార్థించుచున్నాము. ఆ బాలిక శస్త్రచికిత్స దినము మాత్రము సమావేశమునకై ఆగదు గనుక, చేతనైన సాయము నేడే యారంభింపుడు.