పునాది మారితే.. సేవలు కూలాలా?

సర్వర్ల నవీకరణ తర్వాత మొరాయిస్తున్న వర్చువల్ యంత్రాలు
ముందుజాగ్రత్తే అసలు మందు

అబ్దుల్లాపూర్‌మెట్: భూమి అమ్మేవారు, కొనేవారు, సాక్షులు పనులు మానుకుని తహసీల్దార్ కార్యాలయానికి వస్తారు. చలానా కట్టి ఉంటారు, స్లాట్ ఖరారై ఉంటుంది. తీరా ‘సర్వర్ పనిచేయడం లేదు’ అన్న ఒక్క మాటతో ఆ రోజు గడిచిపోతుంది. లోపం ఎదుట ఉన్న కంప్యూటర్‌లో ఉండదు. ఎక్కడో డేటా కేంద్రంలో ఉంటుంది. అది చాలాసార్లు పాత యంత్రం చెడిపోవడం వల్ల కాక, మంచికని చేసిన నవీకరణ వల్లనే తలెత్తడం గమనార్హం.

హయత్‌నగర్ నుంచి విడిపోయి 2016లో ఏర్పడిన అబ్దుల్లాపూర్‌మెట్ మండలంలో భూమి దస్త్రం విలువ అందరికీ తెలిసిందే. 2020 అక్టోబర్ 29న ధరణి ప్రారంభమయ్యాక వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దార్ల చేతికి వచ్చింది. ఆనాటి నుంచి మండల కార్యాలయం పని పూర్తిగా కేంద్ర సర్వర్‌పై ఆధారపడింది. 2024 చివర్లో ధరణి నిర్వహణ జాతీయ సమాచార కేంద్రానికి మారింది. అదే ఏడాది డిసెంబర్ 12 సాయంత్రం నుంచి 16 ఉదయం వరకు డేటాబేస్ వెర్షన్ మార్పు కోసం సేవలను నిలిపివేశారు. 2025 ఏప్రిల్ 14న భూభారతి అమల్లోకి వచ్చింది. నాలుగున్నరేళ్లలో నిర్వాహకులు, డేటాబేస్, చట్టం, పోర్టల్ అన్నీ మారాయి. మార్పు ఆగేది కాదు. అది సామాన్యుడిపై భారంగా పడకుండా చూడటమే ప్రశ్న.

ఒకే భవనం.. పలు వాటాలు

నేడు పెద్ద సేవలు సాధారణంగా వర్చువల్ యంత్రాలపై నడుస్తాయి. హోస్ట్‌గా పిలిచే ఒక శక్తిమంతమైన సర్వర్‌లోని మెమరీని, ప్రాసెసర్‌ను, డిస్క్‌ను హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ పంచి ఇస్తుంది. ఆ వాటాల్లో పదుల సంఖ్యలో కంప్యూటర్లు విడివిడిగా ఉన్నట్లే పనిచేస్తాయి. ఒక వాటాలో గొడవ జరిగితే పక్క వాటాకు ఇబ్బంది లేదు. పునాదిని కదిపితే మాత్రం అన్ని వాటాలూ కదులుతాయి. హోస్ట్ సాఫ్ట్‌వేర్ నవీకరణలో ఉన్న ప్రమాదం ఇదే.

అనుభవాలు చెబుతున్నదేమిటి?

2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలకు ఇంటెల్ ఇచ్చిన మైక్రోకోడ్ సవరణలతో కొన్ని సర్వర్లు వాటంతట అవే రీబూట్ కాసాగాయి. అదే నెల 22న ఆ సవరణల అమలును నిలిపివేయాలని ఇంటెల్ స్వయంగా సూచించాల్సి వచ్చింది. 2022 జనవరి 11న మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన నవీకరణ తర్వాత విండోస్ సర్వర్ 2012 ఆర్2పై ఉన్న కొన్ని హైపర్-వీ యంత్రాలు తెరుచుకోనే లేదు. 17న ప్రత్యేక సవరణ విడుదల చేశారు.

2023 ఫిబ్రవరిలో కథ తిరగబడింది. ఈసారి నవీకరించింది వర్చువల్ యంత్రంలోని విండోస్ సర్వర్ 2022ను. అయితే వీఎంవేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ పాత వెర్షన్లపై సెక్యూర్ బూట్‌తో నడిచే యంత్రాలు రీబూట్ తర్వాత లేవలేదు. వీఎంవేర్ పరిష్కారాన్ని హోస్ట్ వైపున ఇచ్చింది. లోపం కనిపించిన చోటే దాని మూలం ఉంటుందని అనుకోరాదని ఈ ఘటన తేటతెల్లం చేసింది.

జిల్లా వాసులకు బాగా గుర్తుండేది 2024 జులై 19 నాటి ఉదంతం. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన లోపభూయిష్టమైన ఫైల్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను స్తంభింపజేసింది. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ ఫైల్‌ను 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయిన యంత్రాలెన్నింటినో సిబ్బంది ఒక్కొక్కటిగా సరిచేయాల్సి వచ్చింది. తప్పును ఉపసంహరించుకోవడం వేరు, నష్టాన్ని పూడ్చడం వేరు.

లోపాన్ని పట్టేదెలా?

కుప్పకూలిన వర్చువల్ యంత్రాన్ని పదేపదే ఆన్ చేసి చూడటం పరిష్కారం కాదు. ముందుగా తేల్చాల్సింది పడినవి అన్నీనా, కొన్నేనా అన్నది. నవీకరించిన హోస్ట్‌పై ఉన్నవన్నీ పడి, పాత హోస్ట్‌పై ఉన్నవి నిలిస్తే అనుమానం పునాదిపైకి మళ్లుతుంది. ఒక్కటే పడితే ఆ యంత్రం లోపలే వెతకాలి.

తర్వాత హోస్ట్ లాగ్‌ను, వర్చువల్ యంత్రం లాగ్‌ను సమయాన్ని బట్టి పోల్చాలి. సాధారణంగా కనిపించే కారణాలు ఇవి.

- మెమరీ కొరత: కొత్త వెర్షన్ తనకే ఎక్కువ మెమరీ వాడుకుంటే, ఉన్నదానికి మించి పంచిన చోట హోస్ట్ ఏదో ఒక వర్చువల్ యంత్రాన్ని ఆపేస్తుంది. లోపలి లాగ్‌లో దీని జాడ ఉండదు. హోస్ట్ లాగ్‌లోనే దొరుకుతుంది.
- డ్రైవర్ల పొంతన: లోపలి డిస్క్, నెట్‌వర్క్ డ్రైవర్లు పాతబడితే యంత్రం తన డిస్క్‌నే గుర్తించలేక ప్రారంభ దశలోనే ఆగిపోతుంది.
- ప్రాసెసర్ తేడా: వర్చువల్ యంత్రానికి కనిపించే ప్రాసెసర్ సౌకర్యాలు మారితే, వేరే హోస్ట్‌కు తరలించేటప్పుడు అది కూలవచ్చు.
- ఫర్మ్‌వేర్ లోపం: డిస్క్, నెట్‌వర్క్ కార్డుల ఫర్మ్‌వేర్ పాతదై, హోస్ట్ డ్రైవర్ కొత్తదైతే భారం పెరిగిన వేళ అంతరాయాలు వస్తాయి.

ఒకసారికి ఒక్క మార్పే చేయాలన్నది ఇక్కడ పాటించాల్సిన నియమం. నాలుగూ ఒకేసారి మారిస్తే సేవ తిరిగి మొదలైనా కారణం తెలియదు. కారణం తెలియని లోపం మళ్లీ వస్తుంది.

వెనక్కి దారి ఉండాలి

ముందు ఒక్క హోస్ట్‌ను నవీకరించి, తక్కువ ప్రాధాన్యమున్న సేవలను దానిపై కొన్ని రోజులు నడిపి, ఆ తర్వాతే మిగతావాటికి వెళ్లడం సురక్షితం. భూభారతిని సైతం మొదట మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో ప్రయోగాత్మకంగా అమలు చేశారు. చట్టం అమలుకు పాటించిన ఈ క్రమాన్ని సర్వర్ల విషయంలోనూ పాటించవచ్చు. నవీకరణకు ముందు పూర్తి బ్యాకప్ తప్పనిసరి. అదే డిస్క్‌పై తీసిన స్నాప్‌షాట్ బ్యాకప్ కాబోదు. డిస్క్ పోతే రెండూ పోతాయి. ఎన్ని గంటల్లో సేవ నిలబడకపోతే పాత వెర్షన్‌కు వెళ్లాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి.

సాంకేతిక సిబ్బంది బాధ్యత ఇది. పాలనా యంత్రాంగం బాధ్యత మరొకటి ఉంది. 2024 డిసెంబర్‌లో చేసినట్లు సేవల నిలిపివేతను ముందే ప్రకటిస్తే రైతు ఆ రోజు స్లాట్ పెట్టుకోడు, కూలి పోగొట్టుకోడు. అనుకోకుండా సేవ ఆగితే ఆ స్లాట్‌ను అదనపు రుసుము లేకుండా మరో తేదీకి మార్చాలి. కట్టిన చలానా భద్రంగా ఉందని తెలిపే రుజువు చేతికివ్వాలి. సర్వర్ గంటలో లేవవచ్చు. సాక్షులను వెంటబెట్టుకుని వచ్చిన రైతుకు మాత్రం పోయిన రోజు తిరిగి రాదు. నవీకరణ ప్రణాళికలో ఆ రోజుకూ లెక్క ఉండాల్సిన అవసరం ఎంతైనా ఉంది.