ఆకుపచ్చ సర్టిఫికెట్ వెనుక ఎవరి చేతులున్నయి?

(మా లెక్క మేమే చెప్తం - 14వ భాగం)



హైటెక్ సిటీ కంపెనీలు ఈ మధ్య పర్యావరణం గురించి తెగ మాట్లాడుతున్నయి. ప్రింట్లు తియ్యొద్దు, మానిటర్ ఆపి ఇంటికి పోవాలె, మేడ మీద సోలార్ పెట్టినం అంటరు. మంచిదే. కానీ మూడు నాలుగేండ్లకోసారి మార్చే ల్యాప్‌టాపులు, సర్వర్లు, బ్యాటరీలు గేటు దాటినంక ఎవరి చేతుల పడుతున్నయో ఆ రిపోర్టుల్ల ఒక్క లైను ఉండదు.

నేను చెప్త. నేను తిరిగిన స్క్రాప్ దుకాణాల్ల వాటిని విప్పేది మన మాల మాదిగ పిలగాండ్లు, పేద ముస్లింలు. ఢిల్లీ సీలంపూర్‌కు పోయినా, యూపీ మొరాదాబాద్‌కు పోయినా ఈ పని పేదోని నెత్తి మీదనే ఉంది. చేతికి గ్లౌజులుండవు. రాగి కోసం వైర్లు కాలుస్తరు, ఆ ప్లాస్టిక్ పొగ పీలుస్తరు. పిసరంత బంగారం కోసం బోర్డులను యాసిడ్‌ల ముంచుతరు. పాత డబ్బా మానిటర్ అద్దంల సీసం, పాత బోర్డుల అతుకులల్ల సీసం. చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చిన చేతులకే చచ్చిన కంప్యూటర్‌ను కూడా అప్పజెప్పిండ్రు. గొడ్డుకన్న ఇంత విషం లేకుండె.

చట్టం లేదా అంటే ఉంది. 2022 ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్ల ఉన్నయి. వస్తువు తయారుచేసి అమ్మే కంపెనీలు రీసైక్లర్ల దగ్గర సర్టిఫికెట్లు కొనుక్కొని తమ బాధ్యత తీర్చుకోవచ్చు. ఆ సర్టిఫికెట్లు దేనికి పుడతయి? బంగారం, రాగి, ఇనుము, అల్యూమినియం. నాలుగు లోహాలకు లెక్కుంది, విప్పినోని ఊపిరితిత్తులకు లెక్క లేదు. ఈ కార్మికులను గుర్తించి నమోదు చెయ్యాలె, వాళ్ల ఆరోగ్యం, భద్రత చూడాలె అని అవే నిబంధనలు రాష్ట్ర కార్మిక శాఖకు చెప్పినయి. మీ జిల్లాల ఎంతమందిని నమోదు చేసిండ్రో ఒక ఆర్టీఐ వేసి అడగండి.

“రిజిస్టర్డ్ రీసైక్లర్‌కే ఇచ్చినం, రసీదుంది” అంటరు. రసీదు లారీ దిగిన చోటుదాకనే సారూ. ఆ తర్వాత ఎన్ని చేతులు మారిందో ఎన్నడన్న పోయి చూసిండ్రా?

అసలు మార్చుడెందుకు? విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మామూలు సపోర్టు ఆపేసింది. పాత మిషన్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు. మిషన్ బాగనే ఉంటది, తుక్కు కింద రాసెయ్యనీకి సాకు దొరుకుతది. కేరళ సర్కారు బడులు ఏండ్ల నుంచి లైనక్స్ మీద నడుస్తున్నయి, మన ఆఫీసులకు ఏం రోగం? (అట్లని పని చెయ్యని డబ్బాలు మా హాస్టళ్లకు దానమిచ్చి ఫొటోలు దిగకండి. అది దానం కాదు, చెత్త పారబోసుడు.)

వచ్చే ఏడు రిపోర్టుల ఇది రాయండి: మా మిషన్లను ఎవరు విప్పిండ్రు, రోజు కూలి ఎంత, గ్లౌజులూ మాస్కూ ఎవరిచ్చిండ్రు. రాసే దమ్మున్న కంపెనీ ఉంటే పేరు చెప్పండి, ఇదే గోడ మీద నేనే పెడత.

(ఇంకా ఉంది)