కుక్కపిల్లను గుమ్మం దాటించేది ఎవరు?

పోయిన ఆగస్టులో మావాడు బడి నుంచి వస్తూ పుస్తకాల సంచిలో ఒక కుక్కపిల్లను పెట్టుకొచ్చాడు. ఊరకుక్క పిల్లే. గోధుమరంగు ఒళ్లు, నుదుటి మీద తెల్లటి మచ్చ. అందుకే చుక్క అని పేరు పెట్టేశారు. "అమ్మా, అన్నీ నేనే చూసుకుంటా" అన్నాడు. ఈ మాట మీలో ఎంతమంది విన్నారో! వాడి లెక్కలో అన్నీ అంటే ఆడించడం, పాలు పొయ్యడం, ఫొటోలు తియ్యడం. మిగతావి ఎవరి లెక్కలో పడతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా రంపచోడవరంలో వాన పట్టుకుందంటే రోజుల తరబడి వదలదు. ఇంట్లో దండేల మీద బట్టలే ఆరవు. చుక్కేమో వసారా దాటి కాలు కింద పెట్టదు. ఒంటికీ రెంటికీ అన్నీ ఇంట్లోనే. అది కూడా గచ్చు మీద కాదు, వెతుక్కుని వెతుక్కుని కాళ్లు తుడుచుకునే పట్టాల మీద. ఒకరోజు లెక్కపెట్టాను. లేచింది మొదలు పడుకునేదాకా పదకొండుసార్లు తుడిచాను. రాత్రి కరెంటు పోయినప్పుడు తడిలో కాలు వేసింది కూడా నేనే.

ఇక సలహాలకు కొదవ లేదు. "దాని మూతి అందులో పెట్టి రెండు వెయ్యండి, దెబ్బకి దారికొస్తుంది" అన్నారు చూసినవాళ్లందరూ. మావారు పేపరు చుట్టి రెండు మూడు సార్లు కొట్టారు కూడా. నిజంగానే పట్టాల మీద మానేసింది. హమ్మయ్య అనుకున్నాను. మూడు రోజుల తర్వాత బియ్యం డబ్బా వెనక నుంచి వాసన వచ్చింది. అంటే అది నేర్చుకున్నది 'ఇంట్లో పొయ్యకూడదు' అని కాదు, 'వీళ్లు చూస్తుండగా పొయ్యకూడదు' అని. ఆ తర్వాత పెరట్లోకి తీసుకెళ్లినా మా ముందు పొయ్యడం మానేసింది. తోక ముడుచుకుని నిలబడేది. లోపలికి రాగానే మూల వెతుక్కునేది. కొట్టి మేము చేసుకున్న మేలు అదీ.

ఒక సాయంత్రం మావారు విసిగిపోయి, "మారేడుమిల్లి రోడ్డులో వదిలేసొస్తాను. అడవే కదా, ఎలాగో బతుకుతుంది" అన్నారు. మావాడు అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. దాచడం ఎందుకు, ఆ నిమిషంలో నాకు ముందు కలిగింది ప్రాణం తేలికపడినట్టు. రేపటి నుంచి తుడవక్కర్లేదు! ఆ వెంటనే సిగ్గేసింది. నిండా రెండు నెలలు లేని పిల్ల ఘాట్ రోడ్డు మీద ఒక్క రాత్రి బతుకుతుందా? ఆకలిదప్పులకు మాడిపోయేలా జంతువును వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం కూడా. చట్టం సంగతి అలా ఉంచండి. పక్క తడిపాడని పసిపిల్లాణ్ణి ఎవరైనా వదిలేస్తారా?

వానాకాలంలో మా ఇంటికి వెదురు కొమ్ములు తెచ్చే కొండరెడ్ల ఆవిడ ఒకామె ఉంది. మర్నాడు గుమ్మంలో కూర్చుని అంతా విని, "దానికి మన్ను కావాలమ్మా. మీ ఇంట్లో మన్నెక్కడుందీ?" అంది. వాళ్ల కుక్కలు వాకిట్లోనే పుట్టి, వాకిట్లోనే పెరుగుతాయి. వాటికి ఈ నేర్పుడు గోలే లేదు. చుక్క కూడా తల్లి దగ్గర మట్టిలోనే అలవాటుపడింది. దాన్ని టైల్స్ మీదికి తెచ్చింది మేము. కాళ్ల కింద మెత్తగా తగిలినవి పట్టాలే, పాపం వాటి మీదికే వెళ్లింది.

ఆ రోజే పాత ఇనప గమేళాలో పెరటి మట్టి నింపి, వాన పడని చోట వసారాలో పెట్టాను. పట్టాలన్నీ తీసేశాను. రెండో రోజుకల్లా అందులోకి దిగింది. వాన తెరిపిచ్చాక ఆ గమేళాను రోజుకింత జరుపుతూ పెరట్లోకి చేర్చాము.

రెండో పాఠం మా అత్తగారిది. ఇంట్లోకి కుక్క వచ్చిందని, దేవుడి గది ఏమవుతుందోనని ఫోన్‌లో వారం రోజులు సణిగారు. చివరికి ఆవిడే, "నీ కూతుర్ని కాళ్ల మీద కూర్చోబెట్టుకుని, నిద్ర లేవగానే, పాలు తాగగానే 'ష్ష్' అంటూ నేర్పలేదూ? ఒక్క దెబ్బ వేశానా?" అన్నారు. నిజమే! కుక్కపిల్లకీ అవే వేళలు. నిద్ర లేచిన వెంటనే, తిన్న పావుగంటకో ఇరవై నిమిషాలకో, ఆట ముగియగానే, పడుకోబోయే ముందు. రెండు నెలల పిల్ల మెలకువగా ఉంటే మహా అయితే రెండు గంటలు ఆపుకుంటుంది. పని కాగానే, అక్కడికక్కడే మెచ్చుకుని ఒక ముక్క పెట్టాలి. ఇంట్లోకొచ్చాక పెడితే ఎందుకు పెట్టారో దానికి అర్థం కాదు. ఇంట్లో పోస్తే నోరెత్తకుండా తుడిచెయ్యాలి. తుడవడానికి ఫినాయిల్ వద్దు, కాళ్లు నాకితే పిల్లకు విషం. వెనిగర్ కలిపిన నీళ్లు చాలు. వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. పశువుల ఆసుపత్రిలో పురుగుల మందు వేయించండి. మూడో నెలలో రేబిస్ టీకా మరిచిపోవద్దు. దాని మలం ఎత్తినవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఎందుకంటే ఆ పురుగులు మన పిల్లలకూ అంటుతాయి.

ఇవన్నీ నాకు తెలిశాయి కాబట్టి ఇక నేనే చేసుకుంటూ పోవాలా? అసలు సంగతి ఇక్కడే ఉంది. ఇంట్లో ఏ పనైనా తెలిసినవాళ్ల నెత్తినే పడుతుంది. తెలిసినవాళ్లమేమో ఎప్పుడూ మనమే. మావారు పేపరు చుట్టింది కోపం కొద్దీ కాదు, ఓపిక పట్టి చూసే పని తనది కాదనుకున్నారు కాబట్టి. వేళ చూసి పక్కనే నిలబడితే కుక్కపిల్ల నేర్చుకుంటుంది. నిలబడే తీరిక ఎవరికీ లేని ఇంట్లో కొట్టడం ఒక్కటే మిగులుతుంది.

అందుకని గోడ క్యాలెండర్ పక్కన కాగితం అతికించాను. తెల్లవారుజామున మావాడు, బడికెళ్లే ముందు పెద్దది, పగలు నేను, రాత్రి పడుకునే ముందు మావారు. ఎవరి వేళలో ఇల్లు తడిస్తే వాళ్లే తుడవాలి. మొదటి వారం సణుగుళ్లు, రెండో వారం తగాదాలు. మావారు రెండుసార్లు తుడిచాక పేపరు చుట్టడం మానేసి టైము చూసుకోవడం మొదలుపెట్టారు. చుక్కకు నెలా పదిహేను రోజులు పట్టింది. ఇప్పటికీ చుట్టాలొస్తే సంబరంలో ఒకటి రెండు చుక్కలు రాలుస్తుంది. అంత మాత్రానికి ఎవరూ కోప్పడం.

మీ ఇంట్లో ఎవరైనా కుక్కపిల్ల కావాలంటే వద్దనకండి. తెల్లవారుజామున అయిదున్నరకు దాన్ని ఎవరు బయటికి తీసుకెళ్తారో మాత్రం ముందే అడగండి. పేర్లు కాగితం మీద రాయించుకోండి.

ఈ పొద్దున కూడా వానే. పెరట్లో మావాడు తను తడుస్తూ చుక్క మీద గొడుగు పట్టాడు. "అమ్మా, అయిపోయింది!" అని కేక వేశాడు. నేను దుప్పటి ముసుగులోంచే "సరే నాన్నా" అన్నాను.