రోలరు కోస్టరు నెక్కుట ధైర్యమా?

విహారయాత్ర ప్రసక్తి వచ్చినప్పుడెల్ల విద్యార్థిలోకమున రెండు పక్షము లేర్పడుట పరిపాటి యైనది. కోటలను, ఆనకట్టలను, వస్తుప్రదర్శనశాలలను చూడవలెనని కొందఱును, వినోదవనమునకు బోయి రోలరు కోస్టరు నెక్కవలెనని పెక్కండ్రును కోరుచుందురు. ఈ రెండవ కోరికను వినినంతనే పెద్దలలో కొందఱు మొగము చిట్లింతురు. డబ్బిచ్చి భయమును కొనుట యేమి వివేకమని వారి ప్రశ్న. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయుటకు వీలులేదు. అట్లని పిల్లల కోరికయు నీచమైనది కాదు. కావున నీ విషయమున మా యభిప్రాయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

ముందుగా నీ వినోద మెట్లు పుట్టినదో తెలిసికొనుట యుక్తము. పదునెనిమిదవ శతాబ్దమున రష్యా దేశపు సెంటుపీటర్సుబర్గు పరిసరములందు శీతకాలమున కొయ్యలతో ఎత్తైన దిబ్బలు గట్టి, వానిపై నీరు పోసి గడ్డకట్టనిచ్చి, పైనుండి క్రిందికి జాఱుట గొప్ప వేడుకగా నుండెడిది. ఆ వేడుకయే ఫ్రాన్సు దేశమునకు బోయి, 1817 వ సంవత్సరమున పారిసు నగరమున చక్రముల బండ్ల రూపమును దాల్చెను. ఫ్రెంచివారు నేటికిని ఈ బండ్లను "రష్యా కొండలు" అనుచుండగా, రష్యావారు వానినే "అమెరికా కొండలు" అనుచున్నారు. ఒకరి వస్తువునకు మఱియొకరి పేరు పెట్టుట యన నిట్లే యుండును.

అమెరికాలో దీని పుట్టుక మఱింత వింతయైనది. పెన్సిల్వేనియా రాష్ట్రమున మాక్ చంక్ అను నూరివద్ద 1827 లో గనులనుండి బొగ్గును దింపుటకై కొండవాలున నొక యినుపబాట వేసిరి. బొగ్గుబండ్లు తమ బరువుచేతనే క్రిందికి బోయెడివి. కంచరగాడిదలుకూడ బండిలో నెక్కి సుఖముగా దిగివచ్చి, వట్టిబండ్లను మరల పైకి లాగెడివి. రానురాను బొగ్గుకంటె జనులకే ఆ బాటపై మోజెక్కువయ్యెను. పిమ్మట లామార్కసు థాంప్సను అను నాతడు 1884 లో న్యూయార్కునకు జేరిన కోనీ ఐలండు తీరమున, వినోదమునకే యొక బండిని నడిపెను. దాని రుసుము 5 సెంట్లు. దాని వేగము గంటకు సుమారు 6 మైళ్ళు మాత్రమే. థాంప్సను దైవభక్తి గలవాడనియు, మద్యశాలలవైపు మరలుచున్న యువజనులకు నిర్దోషమైన వినోద మొకటి చూపవలెనని తలచెననియు ఆతని కథను చెప్పువారు చెప్పుదురు. మన పాఠశాల వంటి సంస్థలలో నున్నవా రీ మాటను జ్ఞప్తియందుంచుకొనవలెను. వినోద మనినంతనే పాపమని తలచువారికి ఆతని యుద్దేశమే యొక సమాధానము.

ఇక నీ బండి విద్యార్థులకు నేర్పుపాఠము లెవ్వి? పాఠ్యపుస్తకమున స్థితిజశక్తి, గతిజశక్తి యని వల్లెవేయు మాటలు ఇచ్చట కంటికి గనబడును. బండికి యంత్రము లేదు. గొలుసు దానిని మొదటి శిఖరమువఱకు లాగి విడిచిపెట్టును. ఆపై నంతయు భూమ్యాకర్షణమే. ఘర్షణమును లెక్కింపకున్నచో, 20 మీటర్ల యెత్తునుండి దిగిన బండి అడుగున గంటకు సుమారు 71 కిలోమీటర్ల వేగము నందును. అందు ఏనుగులు కూర్చున్నను, ఎలుకలు కూర్చున్నను ఈ లెక్క మాఱదు. ఘర్షణముచేత కొంత శక్తి వ్యయమగుచునే యుండును గనుక, పిమ్మట వచ్చు శిఖరములు మొదటిదానికంటె క్రమముగా తక్కువ యెత్తున నుండవలెను. ఈ యొక్క సంగతిని చూచి గ్రహించిన బాలుడు దానిని పరీక్షలో మఱవడు.

తలక్రిందులుగా తిరుగు వలయముల చరిత్ర యింకను బోధకరము. 1895 లో కోనీ ఐలండుననే "ఫ్లిప్ ఫ్లాప్" అను బండికి నిండు వృత్తాకారమైన వలయము గట్టిరి. అది యెక్కినవారి మెడలను నొప్పించి యపకీర్తి పాలయ్యెను. కారణము గణితమున నున్నది. వృత్తపు శిఖరమున బండి పడిపోకుండ దాటుటకు చాలినంత వేగమే యున్నను, అడుగున ప్రవేశించునప్పుడు శరీరముపై దాని బరువునకు ఆఱు రెట్లు భారము పడును. తరువాత వెర్నర్ స్టెంగెల్ అను జర్మను ఇంజనీరు మొదలైనవారు వలయమును నీటిబొట్టువలె, అడుగున విశాలముగను పైన ఇఱుకుగను మలచిరి. 1976 లో కాలిఫోర్నియాలో నిట్టి వలయముతో బండి నడచెను. ఆకారము మాఱినంతనే మెడలకు నెమ్మది కలిగెను. పీడను సహించుట గొప్పయని యూరకుండక, దాని కారణము వెదకి తొలగించుటయే విద్య యని యిచ్చట తెలియును.

మన ప్రాంతమునను ఈ బండ్లు కొత్తవి కావు. హైదరాబాదు చేరువ రావిర్యాలవద్ద 2016 లో తెఱవబడిన వండర్లా వినోదవనమున "రీకాయిల్" అను బండి ముందుకు బోయి తలక్రిందులై, అదే బాటను వెనుకకు మరలివచ్చును. సెలవులలో నచ్చటికి బోవు విద్యార్థుల సంఖ్య యల్పము కాదు. కావున నిది దూరదేశపు ముచ్చట యని యూరకుండుటకు వీలులేదు.

పెద్దల మొదటి యాక్షేపము అపాయమును గూర్చినది. అది నిరాధారము కాదు. 1972 మే నెలలో లండనులోని బాటర్సీ వనమున బండి పైకి లాగబడుచు లంకె వీడి వెనుకకు జాఱెను. వెనుకకు బోనీయక పట్టుకొనవలసిన సాధనము పనిచేయలేదు. ఐదుగురు పిల్లలు మరణించిరి. బండి శిఖరమున కెక్కునప్పుడు వినబడు "టక టక" యను చప్పుడు పెక్కు బండ్లలో నిట్టి సాధనము పండ్లనుండి వచ్చునదే. ఎక్కినవారిని మిక్కిలి వెఱపించు చప్పుడే వారిని కాపాడు చప్పుడు! 2015 జూనులో ఇంగ్లండులోని ఆల్టన్ టవర్సున జరిగినది వేఱు విధమైనది. ముందుబాటపై నొక వట్టిబండి నిలిచియుండుటచేత యంత్రము రెండవ బండిని తానై యాపినది. పనివారు ఆ యాపుదలను పొరపాటని తలచి త్రోసిపుచ్చి బండిని నడిపిరి. ఇద్దఱు యువతులు చెఱియొక కాలును గోల్పోయిరి. మఱుసటి సంవత్సరము న్యాయస్థానము నిర్వాహకులపై 50 లక్షల పౌనుల జుల్మానా విధించెను. మన దేశమునను 2019 జూలైలో అహమ్మదాబాదు కాంకరియా చెఱువుకడ ఊయెలవంటి యంత్ర మొకటి విఱిగి ప్రాణనష్టము కలిగినది.

ఈ దుర్ఘటనలనుండి మేము గ్రహించున దిది. బండ్లన్నియు మృత్యుముఖములని తలచుట సరికాదు. ప్రతిదినమును లెక్కకు మిక్కిలిగా జనులు వాని నెక్కి క్షేమముగా దిగుచున్నారు. కాని ఆ క్షేమము కాపలావాని శ్రద్ధపైనను, నియమపాలనముపైనను నిలిచియున్నది. ద్వారముకడ నుంచిన కొలబద్ద యిట్టి నియమములలో నొకటి. ఛాతీపై దిగు కడ్డీ యొక కొలతగల శరీరమునకు తగినట్లు చేయబడినది. పొట్టివానిని అది గట్టిగా పట్టజాలదు. మడమ లెత్తి నిలుచుట, పాదరక్షలలో కాగితములు కుక్కుట మున్నగు చమత్కారములను గొప్పగా చెప్పుకొను బాలురు గలరు. వారు మోసపుచ్చునది కాపలావానిని గాదు, తమ్ము దామే. వారిని చూచి నవ్వు నుపాధ్యాయుడును అందు భాగస్వామియే.

రెండవ యాక్షేపము వ్యయమును గూర్చినది. ఇందు మేము పెద్దల పక్షముననే యున్నాము. ప్రవేశరుసుమును, ప్రయాణపుఖర్చును గలిపినచో కూలిచేసి బ్రతుకు తల్లిదండ్రులకు అది కొన్నిదినముల గ్రాసము. తరగతిలో పదిమంది వెళ్ళలేని యాత్రను తరగతి యాత్ర యనుట న్యాయము కాదు. వెళ్ళలేని బాలుడు "నాకు ఇష్టము లేదు" అని చెప్పును. ఆ మాటలోని దుఃఖమును ఉపాధ్యాయుడు గ్రహింపవలెను. బీదవిద్యార్థుల వ్యయమును నిధినుండి బయటికి తెలియకుండ భరింపగలిగిననే పాఠశాల యిట్టి యాత్ర తలపెట్టవలెను. లేనియెడల నందఱును పోగలిగిన కొండకో, నదికో పోవుట మేలు.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచిన సంగతి మఱియొకటి కలదు. బండి నెక్కనివానిని పిఱికివా డని యెగతాళి చేయుట మన విద్యార్థులలో ప్రబలుచున్నది. అందఱును పైన కేకలు వేయుచుండగా నొకడు క్రింద వారి సంచులను, చెప్పులను కాచుచు కూర్చుండును. తిరుగుప్రయాణమున బస్సులో వానిపై పాటలు గట్టుదురు. యాత్ర ముగిసినను ఆ పేరు వానిని విడువదు. కొంద ఱీ యెగతాళికి వెఱచియే యిష్టము లేకున్నను ఎక్కుదురు. గుండెజబ్బుగాని, మూర్ఛగాని గలవాడు దానిని దాచి యెక్కినచో ఫలిత మేమగునో చెప్పనక్కఱలేదు.

ధైర్య మన నేమో యొకింత విచారింతము. బండిలో కూర్చున్నవాడు చేయు పని యేమి? కడ్డీ క్రిందికి దిగినది మొదలు వాడొక మూటతో సమానము. బాటను వేసినవాడు వేఱు, బండిని విడుచువాడు వేఱు, ఆపువాడు వేఱు. వానికి భయము కలుగుట సత్యము, ఆనందము కలుగుటయు సత్యము. కాని ధైర్యమునకు కావలసినది తనంత తాను నిర్ణయించి చేయు కార్యము. నీటిలో మునుగుచున్నవానికి త్రాడు విసరుట ధైర్యము. తప్పు చేసిన స్నేహితునితో తప్పని చెప్పుట ధైర్యము. పదిమంది కవ్వించుచుండగా "నేను ఎక్కను, మీరు పోయి రండు" అని నెమ్మదిగా చెప్పుటయు ఆ కోవకు జేరినదే. ఆ మాట చెప్పుటకు కావలసిన గుండెనిబ్బరము బండి నెక్కుటకు అక్కఱలేదు. ఎక్కినంతమాత్రమున వీరుడు కాడు, ఎక్కనంతమాత్రమున పిఱికివాడు కాడు. ఎక్కుటలో రుచి గలదు. ఆ రుచి కొందఱికి గిట్టును, కొందఱికి గిట్టదు. కాకరకాయ తినని వానిని మనము కులమునుండి వెలివేయుట లేదు గదా!

ఇంతవఱకు చెప్పినదానినుండి మేము కోరునవి నాలుగు. విహారయాత్రకు ముందు భౌతికశాస్త్రోపాధ్యాయుడు నల్లబల్లపై బండిబాట గీచి ఒక గంట పాఠము చెప్పవలెను. తల్లిదండ్రులవద్ద విద్యార్థి యారోగ్యమును గూర్చి వ్రాతమూలముగా తెలిసికొనవలెను. ద్వారముకడ నియమమును తప్పించుకొన జూచినవానిని ఆ దినమున మఱి యే బండియు నెక్కనీయరాదు. నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది: ఎక్కనివారితో నొక యుపాధ్యాయుడు క్రింద నుండి, వారికిని ఆ దినము వేడుకగా గడచునట్లు చూడవలెను. అట్లు క్రింద నిలిచి, గొలుసు ఎట్లు లాగుచున్నదో, చక్రములు బాటకు పైనను ప్రక్కలను క్రిందను ఎట్లు పట్టుకొనియున్నవో చూచినవాడు, కన్నులు మూసికొని కేకవేసినవానికంటె నెక్కువ నేర్చుకొన్నను ఆశ్చర్యము లేదు.

సోదర విద్యార్థులారా! ఎక్కువారు సంతోషముగా నెక్కుడు. కాని దిగిన వెంటనే మీ సంచిని కాచిన మిత్రుని నవ్వులపాలు చేయక, ఆతని ప్రక్కన కూర్చుండి మీరు చూచినదానిని ఆతనికి చెప్పుడు. ఆతడు చూచినదానిని మీరు వినుడు. అప్పుడా యాత్ర మీ యిరువురిదియు నగును.